గింబళికి వీరతాడు

2025 అక్టోబర్ 31న ‘బాహుబలి’ రెండు భాగాలూ ఒకే సినిమాగా మళ్లీ థియేటర్లకు వచ్చాయి. మొదటి భాగానికి పదేళ్లు నిండిన సందర్భం అది. అందులోని కాలకేయుల కిలికి భాష ముచ్చటా దాంతోపాటే లేచింది. లేని లోకాలకు మాటలు పుట్టించేది సినిమావాళ్లే అయినా, వాటి ఆయుష్షు అభిమానుల చేతిలో ఉంటుంది. ఆ అభిమానుల కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం నడిచే చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి సీమ చాలు. ‘ఆర్ఆర్ఆర్’ విడుదలకు ముందు 2022 మార్చి 19న అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై, కన్నడ నటుడు శివరాజ్‌కుమార్ వచ్చిన భారీ సభ జరిగింది చిక్కబళ్లాపురంలోనే. రాబోయే కాలాన్ని ఊహించడమూ ఇక్కడ కొత్త కాదు. చింతామణి తాలూకా కైవారం తాతయ్య, అంటే నారాయణ యోగి, తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు, కాలజ్ఞానమూ చెప్పాడు. ఆ తర్వాతి కాలమంతా దాటేసి 1957కి వద్దాం. నా మక్కువ అక్కడ.

ఆ ఏడు మార్చి 27న వచ్చిన ‘మాయాబజార్’కు మాటలు పింగళి నాగేంద్రరావువి. అందులో రాక్షసుల గురువు చినమయ పాఠం చెబుతుంటే శిష్యుడొకడు అసమదీయులు, తసమదీయులు అని సొంతంగా కల్పిస్తాడు. గురువు కసురుకుంటాడు. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు మాత్రం శిష్యుడి పక్షం వహించి వీరతాడు వేయిస్తాడు. కొత్త మాటకు అంత దర్జాగా రాజముద్ర పడిన సన్నివేశం మన సినిమాల్లో మరొకటి కనబడదు. తర్వాత విడిదింట్లో మగపెళ్లివారిని ముప్పుతిప్పలు పెట్టే గింబళి, గిల్పం వస్తాయి. కంబళి, తల్పం తెలిసినవాడికి ఇవి చెప్పకుండానే తెలుస్తాయి. కంబళి కన్నడంలోనూ కంబళే కాబట్టి సరిహద్దు ప్రేక్షకుడికి రెండింతల సుళువు. నా వాదం ఇదే: పుట్టించిన మాట నిలవాలంటే వినేవాడి నోట్లో దానికి అప్పటికే ఒక చుట్టం ఉండాలి. తసమదీయులు నేటికీ పత్రికల రాజకీయ వ్యాఖ్యల్లో తిరుగుతున్నారు.

అది పురాణం, సైన్స్ ఫిక్షన్ కాదు కదా అనొచ్చు. ఎవరికి ఏది ప్రియమో దాన్ని చూపించే ప్రియదర్శిని పెట్టె, ఎక్కినవాడి చేత నిజం కక్కించే పీఠం ఉన్న కథను ఆ జాబితాలోంచి తీసేయడం నాకు ఇష్టం లేదు. అయినా అసలైన సైన్స్ ఫిక్షన్ సాక్ష్యమే కావాలంటే రోబో ఉంది. కారెల్ చాపెక్ 1920 నాటకం ద్వారా లోకానికెక్కిన ఆ మాట, చెక్ భాషలో వెట్టిచాకిరికి ఉన్న పేరులోంచి వచ్చింది. అదీ చుట్టరికమే. మరి ‘స్టార్ ట్రెక్’ భాష క్లింగాన్‌కు ఏ చుట్టమూ లేదే, మార్క్ ఓక్రాండ్ 1985లో నిఘంటువే వేశాడే అంటారా? నిజమే. నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ అది అభిమానుల కూటమి దాటి అంగడి మాటల్లోకి రాలేదు.

కిలికిదీ అదే గతి. మదన్ కార్కి సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలతో దాన్ని కట్టాడు. ‘నేను’ అనడానికి ‘మిన్’, ‘నువ్వు’ అనడానికి ‘నిమ్’. భయపెట్టడానికి పుట్టిన భాష అర్థం కాకపోవడమే దాని పని అన్న సమర్థన న్యాయమైనదే. కానీ 2020లో దాన్ని జనానికి నేర్పే ప్రయత్నమూ జరిగింది. కాబట్టి ఎంతమంది నోట నిలిచిందని అడగక తప్పదు. నిలిచింది కాలకేయ నాయకుడిగా నటించిన ప్రభాకర్ గర్జనకు అనుకరణ మాత్రమే. ఇక 2024 ‘కల్కి’ దగ్గర నా లెక్క కొంచెం చెదురుతుంది. అక్కడ కాంప్లెక్స్, యూనిట్లు అన్నీ అరువు మాటలే. జనం పట్టుకున్నదేమో అందులోని కారు పేరు బుజ్జి, ఏ ఇంట్లోనైనా చంటిపిల్లను పిలిచే పేరు. అది కొత్త మాటే కాదు. రేపటి లోకాలు కట్టే దర్శకులు వ్యాకరణం రాయించే ముందు ఒకసారి ఆ విడిదింటి సన్నివేశం చూడాలి.