చల్క నేలల్లో ఎర్ర గొంగళి పురుగు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చల్క నేలల్లో తొలకరి వాన బాగా కురిసి నేల తడిసిన కొద్ది రోజులకు, పొద్దుగూకాక మట్టిలోంచి తెల్లటి రెక్కల పురుగులు బయటికి వస్తాయి. ముందు రెక్కల మీద గోధుమ రంగు చారలు, అంచున పసుపుపచ్చ పట్టీ, వెనక రెక్కల మీద నల్ల చుక్కలు ఉంటాయి. ఎర్ర గొంగళి పురుగు పుట్టేది వీటి గుడ్ల నుంచే. అంసాక్టా ఆల్బిస్ట్రైగా అన్నది దీని శాస్త్రీయ నామం. వానాధారపు ఆముదం, వేరుశనగ రైతులకు ఇంతగా నష్టం చేసిన పురుగులు ఈ ప్రాంతంలో అరుదు.

ఈ పురుగు కథ ఆముదం కథతో ముడిపడి ఉంది. నిజాం రాజ్యం ఆముదానికి పెట్టింది పేరు. అందులోనూ నల్లగొండ, మహబూబ్‌నగర్ ముందుండేవి. మరే పంటా సరిగా రాని ఎర్ర ఇసుక నేలల్లో, చెరువు నీరు అందని మెట్ట మీద ఆముదం నిలబడేది. ఆ గింజల నూనె ఇళ్లలో దీపాలకు, బండి ఇరుసులకు పనికొచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల ఇంజన్లలో కందెనగా కూడా ఆముదమే వాడారు. ఇక్కడి నేతకూ ఈ చెట్టుతో చుట్టరికం ఉంది. పోచంపల్లి ప్రాంతపు ఇకత్ నేతకు చీరాల తేలియా రుమాలు పనితో సంబంధం ఉంది. ఆ రుమాళ్ల నూలును ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. రంగు నూలుకు గట్టిగా పట్టడానికి ఇది అవసరం. పాత నల్లగొండ జిల్లాలోనే ఉన్న పుట్టపాకలో ఈ పని నేటికీ సాగుతోంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆముదం చేను పోతే నష్టపోయేది దున్నేవాడొక్కడే కాదు.

పురుగును అదుపు చేసే మార్గం దాని జీవనచక్రంలోనే ఉంది. బయటికొచ్చిన ఆడ పురుగు జతకట్టి ఆకుల అడుగున గుంపులు గుంపులుగా గుడ్లు పెడుతుంది. ఒక్కో ఆడ పురుగు వందల గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో అవి పొదుగుతాయి. పిల్ల పురుగులు మొదట ఒకే ఆకు మీద గుంపుగా చేరి పచ్చదనాన్ని గీకి తింటాయి. అలాంటి ఆకు జల్లెడలా కనిపిస్తుంది. గుంపు విడిపోక ముందే ఆ ఆకును తుంచి నాశనం చేస్తే వందల పురుగులు ఒక్కసారిగా పోతాయి. ఎదిగాక ఒంటినిండా పొడవాటి ఎర్రని వెంట్రుకలతో ఒక చేను తినేసి దండుగా మరో చేనికి నడిచిపోతాయి. చివరికి గట్ల కింద, చెట్ల నీడన మట్టిలోకి దిగి కోశస్థ దశలో ఉండిపోతాయి. మళ్లీ తొలకరి దాకా, అంటే దాదాపు పది నెలలు, అక్కడే నిద్ర. సాధారణంగా ఏడాదికి ఒకటే తరం. అంటే తొలకరి వెంట వచ్చే కొద్ది రాత్రులే రైతుకు చిక్కే అదను.

ఈ సంగతి కీటక శాస్త్రజ్ఞులకు 20వ శతాబ్ది తొలినాళ్లకే తెలుసు. మద్రాసు ప్రెసిడెన్సీలో గుడ్లను, పురుగులను చేత్తో ఏరించడం, దీపాలతో రెక్కల పురుగులను పట్టడం సిఫారసు చేశారు. రైతులందరూ కలిసి చీడపీడలను అరికట్టేలా అక్కడ 1919లో ఒక చట్టం కూడా వచ్చింది. భారతదేశంలో ఈ తరహా చట్టాల్లో అది మొదటిది. నిజాం ఏలుబడిలోని నల్లగొండకు అది వర్తించలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బి.హెచ్.సి. అనే పురుగుమందు పొడి వచ్చింది. గమాక్సిన్ పేరుతో పల్లెపల్లెకూ చేరిన ఈ మందు చిన్న పురుగులను చంపేది. బాగా ఎదిగి వెంట్రుకలు దట్టంగా పెరిగిన పురుగు మీద దాని పని అంతంత మాత్రమే. రైతు చేను చూసి మందు తెచ్చేసరికి చాలాసార్లు ఆ దశ వచ్చేసేది. ఎవరి చేనికి వాళ్లు చల్లుకోవడంతో పక్క చేలోంచి దండు మళ్లీ వచ్చేది. 1997లో ప్రభుత్వం బి.హెచ్.సి.ని నిషేధించింది.

ఈలోగా ఆముదం కూడా మారింది. పాత రకాలు ఎనిమిది తొమ్మిది నెలలు పొలంలో ఉండేవి. హెచ్.సి.-6 రకం గింజలను న్యూట్రాన్ కిరణాలకు గురిచేసి సృష్టించిన అరుణ రకం 1969లో విడుదలైంది. అది నాలుగు నెలల్లోనే కోతకొచ్చింది. పాలెం పరిశోధనా స్థానం క్రాంతి, హరిత లాంటి రకాలను అందించింది. కాలం తగ్గినా తొలకరి పురుగు ప్రమాదం మాత్రం తగ్గలేదు. మొలక దశలో ఆకులన్నీ పోతే మళ్లీ విత్తడం తప్ప దారి లేదు.

1980ల చివర్లో తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో ఈ పురుగు బెడద ఎక్కువైంది. అప్పుడు సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ, స్థానిక స్వచ్ఛంద సంస్థలు, వ్యవసాయ శాస్త్రజ్ఞులు కలిసి రసాయన మందులు లేకుండా దీన్ని ఎదుర్కొనే పని చేపట్టారు. వేసవిలో లోతుగా దున్నితే మట్టిలోని కోశాలు పైకొచ్చి ఎండకు, పక్షులకు బలవుతాయి. వాన పడ్డాక రాత్రుళ్లు గట్ల మీద ఎండుకంపతో మంటలు వేస్తారు, లేదా నీళ్లలో కొంచెం కిరోసిన్ పోసిన పళ్లెం పైన దీపం వేలాడదీస్తారు. మిగిలిన గుడ్లను ఏరతారు. ఎదిగిన దండును ఆపడానికి చేను చుట్టూ కందకం తవ్వుతారు, జిల్లేడు కొమ్మలు, తూటికాడ గట్ల వెంట పరిచి వాటి మీద చేరిన పురుగులను చంపుతారు. వీటిలో కొత్త కనుగోలు అంటూ దాదాపు లేదు. ఊరంతా ఒకే రాత్రి మంటలు వేయడమే అసలు బలం. ఒక్క రైతు దీపం పెడితే పక్క చేల పురుగులు కూడా అతని చేనికే వచ్చి చేరే ప్రమాదముంది. అందుకే ఈ పని సంఘాలు ఉన్న ఊళ్లలోనే నిలిచింది. పురుగుమందులు లేని సాగుకు తెలుగునాట ఈ ప్రయత్నమే పునాది అయింది. నాటి ఖమ్మం జిల్లా పునుకుల, నాటి వరంగల్ జిల్లా ఏనబావి ఊళ్లు దాని తర్వాతి మజిలీలు.

ఆముదాన్ని తినే మరో పురుగు దాసరి పురుగు. దీన్నే నామాల పురుగు అంటారు. దీని రెక్కల పురుగు మరో నష్టం కూడా చేస్తుంది. రాత్రిపూట పండ్లకు రంధ్రం చేసి రసం పీలుస్తుంది. నల్లగొండ బత్తాయి తోటలకు ఈ రకం రసం పీల్చే పురుగుల బాధ తెలుసు. దాసరి పురుగుకు సహజ శత్రువు ఒక చిన్న కందిరీగ. దాని కోశాలు పురుగు వెనుక భాగాన అంటుకుని కనిపిస్తే మందు కొట్టకపోవడమే మేలు. రాజేంద్రనగర్‌లో 1977లో ఏర్పడిన నూనెగింజల పరిశోధనా డైరెక్టరేట్ దాసరి పురుగు కోసం బి.టి. బాక్టీరియాతో జీవ మందును తయారు చేసింది.

పెరటి మునగకు వచ్చే గొంగళి పురుగుది మరో జాతి. పగలు అవి కాండం మీద పొరలా పేరుకుని ఉంటాయి. ఊళ్లలో కాగడాతో కాల్చడం మామూలే, కానీ మంట బెరడును తాకితే చెట్టు దెబ్బతింటుంది. వేప నూనె, సబ్బు నీళ్ల పిచికారీ దానికంటే క్షేమం.

2018లో కర్ణాటకలో కనిపించి అదే ఏడు తెలంగాణ మొక్కజొన్నకు చేరిన కత్తెర పురుగు అమెరికా ఖండాల నుంచి వచ్చింది. దానికి పది నెలల నిద్ర లేదు. తరం వెంట తరం వస్తూనే ఉంటుంది కాబట్టి తొలకరి రాత్రి మంట దానికి సరిపోదు. లింగాకర్షక బుట్టలతో పంటకాలమంతా గమనిస్తూ ఉండాలి. పత్తి విస్తరించి ఆముదం తగ్గిన నల్లగొండలో గొంగళి దండు మునుపటంత పెద్ద భయం కాకపోవచ్చు. కానీ ఆముదం, వేరుశనగ మిగిలిన ఊళ్లలో వేసవి దుక్కి, తొలకరి రాత్రి దీపం నేటికీ వ్యవసాయ శాఖ సలహాల్లో ఉన్నాయి.