చమురు బావి చెంత కరెంటు కారు



మేము సముద్రము దాటి వచ్చిన కుటుంబములో మూడవ తరము వారము. మా తెలుగు సాయంకాలపు తరగతులలో నేర్చుకొన్నది. తప్పులు వుంటే పెద్దలు మన్నించవలెను.

ఈ మధ్య మన కుర్రవాడొకడు మమ్ములను అడిగినాడు: "మాస్టారూ, పెట్రోలు కారు కొనమంటారా, కరెంటు కారు కొనమంటారా?" బడిపంతులము గనుక వెంటనే జవాబు చెప్పక చరిత్ర మొదలుపెట్టినాము. అదే ఇక్కడ వ్రాస్తున్నాము.

మోటారు కారు మన కుటుంబములకు కొత్త చుట్టము కాదు. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభములో అమెరికాలో, ఐరోపాలో కార్లు పెరిగినవి. కార్లకు టైర్లు కావలెను, టైర్లకు రబ్బరు కావలెను. ఆ రబ్బరు కొరకు మలయాలో తోటలు వెలసినవి. ఆ తోటలలో పనికి విశాఖపట్నం వైపు నుండి తెలుగువారు ఓడలెక్కినారు. మా తాతగారు వారిలో ఒకరు. ఆయన జన్మలో కారు ఎక్కలేదు. కాని ఆయన గీసిన చెట్ల పాలు ఎవరి కార్ల క్రిందనో దొర్లినవి.

ఆ రోజులలో ఏ కారు గెలుచునో ఎవరికీ తెలియదు. 1900 ప్రాంతమున అమెరికాలో ఆవిరి కార్లు, కరెంటు కార్లు, పెట్రోలు కార్లు మూడూ తిరిగేవి. పెట్రోలు కారుకు ముందు వైపు ఇనుప కడ్డీ పెట్టి చేతితో త్రిప్పవలెను. అది వెనుకకు తన్నితే చెయ్యి విరిగేది. కరెంటు కారుకు ఆ బాధ లేదు, పొగ లేదు, మోత లేదు. అయినా అదే ఓడినది. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారు ధరను సామాన్యునికి అందించినది. 1912లో కాడిలాక్ కారుకు కరెంటు స్టార్టరు అమర్చగా చేతి కడ్డీతో పని తీరినది. చమురు చౌకైనది. బ్యాటరీ మాత్రము దూరము పోలేకపోయినది.

తరువాతి కథ మన ధహ్రానులోనే జరిగినది. 1933లో సౌదీ ప్రభుత్వము కాలిఫోర్నియా కంపెనీకి చమురు వెదకుటకు అనుమతి ఇచ్చినది. 1935లో ఇక్కడ మొదటి బావి త్రవ్వుట మొదలైనది. ముందు త్రవ్విన బావులు ఆశ చూపి నిరాశ పరచినవి. మాక్స్ స్టైనెకె అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇంకా లోతుకు పోవలెనని పట్టుబట్టినాడు. 1938 మార్చిలో ఏడవ బావి సుమారు 1,440 మీటర్ల లోతున పొంగినది. రోజుకు 1,500 పీపాలకు పైగా ఇచ్చినది. మన జీతములు, మన పిల్లల ఫీజులు, ఈ వుత్సవపు పులిహోర కూడ ఆ బావి చలవే.

1973 అక్టోబరులో అరబ్బు దేశములు కొన్ని దేశములకు చమురు ఆపినవి. కొద్ది నెలలలో పీపా ధర సుమారు 3 డాలర్ల నుండి 12 డాలర్లకు చేరువైనది. 1974లో అమెరికాలో సిటీకార్ అను చిన్న కరెంటు బండి వచ్చినది. 1980లలో చమురు మరల చౌక కాగా ఆ ఆలోచన అటకెక్కినది.

ఇక లెక్క. పిల్లలు పలక, బలపము తీయవలెను.

2015లో ఇక్కడ 91 రకపు పెట్రోలు లీటరు 45 హలాలాలు. ఆ ఏడాది డిసెంబరు చివరిలో అది 75 హలాలాలైనది. 2018 జనవరిలో 1.37 రియాళ్ళు, 2021 జూలైలో 2.18 రియాళ్ళ వద్ద ప్రభుత్వము హద్దు పెట్టినది. ఇంటి కరెంటు 2018 నుండి నెలకు 6,000 యూనిట్ల వరకు యూనిట్ 18 హలాలాలు.

కారు 100 కిలోమీటర్లకు 8 లీటర్లు త్రాగునని అనుకొందము. 2.18 చొప్పున 17.44 రియాళ్ళు. కరెంటు కారుకు, ఛార్జింగులో పోయే నష్టముతో కలిపి, 20 యూనిట్లు వేసుకొందము. 3.60 రియాళ్ళు, 15 శాతము పన్నుతో 4.14. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు 2,616, కరెంటుకు 621. మిగులు 1,995 రియాళ్ళు. కాని 2015 ధరకు ఆ 8 లీటర్లు 3.60 రియాళ్ళే! ఆనాడు ఇక్కడ కరెంటు కారు మాట ఎత్తితే నవ్వినవారి తప్పు లేదు.

లెక్క ఇంతటితో తీరదు. 2003 జూలై 8న ధహ్రానులో గాలి 42 డిగ్రీలు వుండగా, తేమను తెలిపే తుషార స్థానము 35 డిగ్రీలు నమోదైనది. అటువంటి వూరిలో ఏ.సి. లేక కారు నడపలేము; ఆ ఏ.సి. కూడ బ్యాటరీనే తినును. వేడికి బ్యాటరీ త్వరగా ముసలిదగును. రియాదు 400 కిలోమీటర్ల దూరము. దారిలో ఛార్జింగు ఎక్కడో ముందే చూసుకొనవలెను.

అన్నిటికంటె పెద్ద సంగతి ఇంకొకటి. కరెంటు కారు ధర 20,000 రియాళ్ళు ఎక్కువైతే, ఆ మిగులుతో అది తీరుటకు పదేండ్లు పట్టును. సొంత షెడ్డు వుండి, రోజూ వూరిలోనే తిరిగేవారికి అది మంచి బేరమే. అద్దె ఇంటిలో వుండి, రెండేండ్లకు ఇకామా ఏమగునో తెలియని మనవానికి పదేండ్ల లాభము లాభమేనా? కుర్రవానికి ఇదే చెప్పినాము. గోడకు ప్లగ్గు పెట్టించుకోవచ్చునా అని అతడు ఇంటి యజమానిని అడిగినాడట. జవాబు ఇంకా రాలేదు.

మా మనసులో వేరొక లెక్క కూడ వున్నది. మలయాలో రబ్బరు చెట్లు కొట్టి ఆయిల్‌పామ్ వేసినప్పుడు తోటలోని మనవారు ఎందరో మూటలు కట్టుకొన్నారు. మా నాన్నగారు మమ్ములను అంతకు ముందే బడికి పంపినారు గనుక మేము నిలిచినాము. నేడు చమురు దేశమే దారి మార్చుకొంటున్నది. 2023 సెప్టెంబరులో జిద్దాకు ఉత్తరమున లూసిడ్ కరెంటు కార్ల కర్మాగారము తెరచినారు. 2019లోనే హైదరాబాదులో 40 కరెంటు బస్సులు శంషాబాద్ విమానాశ్రయానికి నడవసాగినవి.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవలెనని మన సామెత. మన దీపములో చమురు ఇంకా వున్నది. ఏ కారు కొనవలెనో ఎవరి లెక్క వారు వేసుకొనవచ్చును. పిల్లల చదువు విషయములో మాత్రము రెండవ లెక్క లేదని మా మనవి.