బేస్ గిటార్‌లో ఒక తీగ మోగి, మరొకటి మోగకపోతే

"అయ్యగారూ, మావాడికి బేస్ రాదు. ఒక తీగ దద్దరిల్లుతుంది, ఇంకొకటి వినపడదు." ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు సంఘాలకు వెళ్లినప్పుడు ఈ మాట వింటూనే ఉంటాను. పిల్లవాణ్ణి పదిమందిలో తప్పుపట్టకముందే, కొత్త గిటార్‌కని చందాలు ఎత్తకముందే, ఒక చిన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని పది నిమిషాలు కూర్చోండి.

ముందు తప్పు గిటార్‌దా, గదిదా తేల్చాలి. అన్నిటికన్నా లావు తీగ శ్రుతి సుమారు 41 హెర్ట్జ్. మైకు కోసం పెట్టిన చిన్న సౌండ్ బాక్సులు అంత కింది స్వరాన్ని సరిగా పలికించలేవు. పెద్ద బేస్ యాంప్‌కు పెట్టి వినండి. తర్వాత రెండో లావు తీగను వట్టిగా మీటండి. అదే స్వరం మొదటి లావు తీగ ఐదో ఫ్రెట్ దగ్గర కూడా వస్తుంది. రెండూ ఒకేలా దద్దరిల్లితే అది స్లాబు గదిలోని ప్రతిధ్వని. స్టాండు జరిపి చూడండి. ఒకటే ఎక్కువైతే గిటార్‌లోనే చూడాలి.

పికప్ చెవిలాంటిది కాదు. అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ చుట్ట, అంతే. పైన ఉక్కు కదిలితేనే కరెంటు పుడుతుంది. అందుకే కంచు చుట్టిన అకూస్టిక్ తీగలు వేస్తే శబ్దం పడిపోతుంది. తెగిన ఒక్క తీగ బదులు వేరే సెట్టులోది వేసినా తేడా వస్తుంది. చెమటకు తుప్పుపట్టినవైతే నాలుగూ కలిపి మార్చండి.

ఇక ఎత్తు. ఎక్కువసార్లు చిక్కు ఇక్కడే. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, తీగకూ పికప్‌కూ మధ్య ఖాళీ చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లతో మొదలుపెట్టవచ్చు. లావు తీగ ఎక్కువ ఊగుతుంది కాబట్టి అటువైపు కాస్త దించండి. స్క్రూ పావు చుట్టు తిప్పడం, వినడం. మరీ దగ్గర చేస్తే అయస్కాంతం తీగను లాగి శ్రుతే చెడుతుంది.

1957 నుంచి వచ్చిన ప్రెసిషన్ నమూనాలో పికప్ రెండు ముక్కలు, ఒక్కోటి రెండు తీగలకు. పక్కపక్క తీగలు రెండూ కలిసి తగ్గితే ఆ ముక్కనే ఎత్తండి. ఎత్తినా పలకకపోతే లోపల చుట్ట షార్టయి ఉండవచ్చు. అది సోల్డరింగ్ తెలిసిన మెకానిక్ పని.

ఇవన్నీ అయ్యాకే వాయించేవాడి చేయి చూడండి. నాలుగు తీగలనూ ఒకే చోట, ఒకే వేలితో మీటమనండి.