చూపు నేర్పిన ఇల్లు: కలకత్తా చిత్రబాణి

మాలో నడివయస్సు దాటినవారికి బాగా జ్ఞాపకం. ఆదివారం పూట మాట్నీకి వెళ్లి దొరికిపోతే ఇంట్లో తిట్లు, గుడిలో తలవంపులు. ఏ బొమ్మ చూడరాదో చెప్పేవారు చాలామంది ఉండేవారు. చూసిన బొమ్మను ఎట్లా అర్థం చేసుకోవాలో చెప్పినవారు మాత్రం కనిపించలేదు. పెద్దలను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆనాటి శ్రీసభ ఆలోచనా ధోరణి అది. 1936లో పదకొండవ పయస్ పాపుగారు చలనచిత్రాలపై వ్రాసిన లేఖలో, విశ్వాసులు చూడదగినవి, చూడరానివి విడదీసి పట్టికలు ప్రకటించమని కోరారు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ప్రసార సాధనాలపై శాసనం వెలువరించడంతో దృష్టి మారసాగింది. ఈ సాధనాలను వాడుకొనే విద్య గురువులకూ గృహస్థులకూ కావాలనీ, యువతకు పాఠశాలలలోనే బోధించాలనీ ఆ శాసనం చెప్పింది.

చెప్పినదాన్ని మన దేశంలో ఒక మహానగరంలో చేసి చూపినవారి కథ తెలుసుకోదగినది.

ఫాదర్ గాస్తోన్ రొబెర్జ్ గారు 1935లో కెనడాలోని మాంట్రియల్‌లో జన్మించారు. యేసుసభలో చేరి, కోరి మన దేశానికి వచ్చారు. 1961లో వస్తూ దారిలో న్యూయార్కులో సత్యజిత్ రే గారి అపు చిత్రాలు మూడింటినీ చూశారు. తాను వెళ్లబోయే బెంగాలును ఆయన మొదట తెరమీదనే దర్శించారన్నమాట! తరువాత అమెరికా వెళ్లి, లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చలనచిత్ర కళ అభ్యసించి, తిరిగి కలకత్తా చేరారు.

1970లో రే గారి అండతో ఆయన స్థాపించినదే చిత్రబాణి. బెంగాలీవారి నోట 'వ' కారం 'బ' కారమవుతుంది గనుక మన భాషలో అది చిత్రవాణియే. బొమ్మ, మాట రెండూ ఆ పేరులో ఉన్నాయి.

ఆనాటి కలకత్తా పరిస్థితి గమనించాలి. నక్సల్‌బరి ఉద్యమపు వేడిలో కళాశాలలు కల్లోలంగా ఉన్నాయి. మరుసటి ఏడు, 1971లో, తూర్పు బెంగాల్ కాందిశీకులు లక్షల సంఖ్యలో తరలివచ్చారు. చదివినా ఉద్యోగం దొరకని కుర్రవాళ్లు వీధి అరుగుల మీద ప్రొద్దుపుచ్చుతున్నారు. అట్టి రోజులలో సినిమా బోధించడమేమిటని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేము. ఆకలిగొన్న ఊరికి కెమెరా ఎందుకు?

అయితే ఆ నగరాన్ని గురించి లోకానికి చెప్పేవారు ఎక్కువమంది బయటివారే. కలకత్తా అంటే మురికి, మరణం అనే బొమ్మే దేశదేశాల పత్రికలలో కనిపించేది. తమ వీధిని తామే చూచి చెప్పుకొనే శక్తి అక్కడి యువతకు కావాలి. ఆ శక్తి సంపాదించుకొనే చోటు లేదు. కేంద్ర ప్రభుత్వపు ఫిలిం శిక్షణాలయం 1960లో పూనాలో వెలసింది. అక్కడ సీటు దొరికేది కొద్దిమందికే. అటువంటిది కలకత్తాకు రావడానికి 1995 వరకు ఆగవలసి వచ్చింది. 1947లో రే గారు, మిత్రులు ప్రారంభించిన ఫిలిం సొసైటీ మంచి చిత్రాలు చూపింది గాని, పనిముట్టు చేతికివ్వడం దాని పని కాదు.

ఖర్చు సంగతి కూడా ఆలోచించాలి. 16 మిల్లీమీటర్ల ఫిలిం నూరడుగుల చుట్ట మూడు నిమిషాలైనా నడవదు. పేదింటి పిల్లవాడు నేర్చుకొనేటప్పుడు చేసే తప్పుల ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. అందుకే సంస్థ అండ అవసరమైనది. చిత్రబాణిలో పుస్తకాలు, ఛాయాచిత్ర విభాగం, శబ్దగ్రహణ సదుపాయం ఒకే కప్పు క్రింద అమరాయి. అక్కడి ఛాయాగ్రాహకులు కలకత్తా సామాన్య జనుల జీవితాన్ని చిత్రాలలో నమోదు చేశారు. 1974లో రొబెర్జ్ గారు చలనచిత్ర రసాస్వాదనపై వ్రాసిన పుస్తకానికి కూడా చిత్రబాణి అనే పేరే పెట్టారు.

1984లో విశ్వవిద్యాలయ నిధుల సంఘంవారు దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమాలు ప్రారంభించారు. 1986లో ఆ పనికై కలకత్తా సెయింట్ జేవియర్స్ కళాశాలలో ఒక నిర్మాణ కేంద్రం ఏర్పడినప్పుడు దాన్ని నెలకొల్పినది కూడా రొబెర్జ్ గారే. మన హైదరాబాదులోనూ అటువంటి కేంద్రాలు పనిచేశాయి. సికింద్రాబాదులో అమృతవాణి మన తెలుగు శ్రీసభకు చేసిన సేవ పాఠకులకు తెలిసినదే. రొబెర్జ్ గారు 2020 ఆగస్టు 26న, 85 ఏండ్ల వయస్సులో, కలకత్తాలోనే ప్రభువునందు నిద్రించారు.

ఈ చరిత్రలో మనం గ్రహించవలసినదేమి? యంత్రాలు కొనడం సులువైన భాగం. దాతలు దొరికితే ఒక్క రోజులో అయిపోతుంది. నేర్పే మనిషి పాతికేళ్లు ఒకే ఊరిలో నిలిచి ఉండడం కష్టమైన భాగం. చిత్రబాణికి అట్టి మనిషి దొరికాడు.

నేడు ఫిలిం చుట్టల ఖర్చు లేదు. మన పట్టణ విచారణలలో ప్రతి యువకుని చేతిలో, యువతి చేతిలో కెమెరా ఉన్న ఫోను ఉంది. ఫాదర్ గారి ప్రసంగం మొదలు పండుగ ఊరేగింపు వరకు అన్నీ తీస్తున్నారు. కాని ఏది తీయాలి, ఎవరి అనుమతితో తీయాలి, ఏది కత్తిరిస్తే అబద్ధమవుతుంది అని వారికి చెప్పేవారేరి? మా పెద్దలు సినిమా చూడవద్దన్నారు. మేము ఫోను చూడవద్దంటున్నాము. మాట మారింది గాని పద్ధతి మారలేదు!

శతవార్షికోత్సవం సందర్భంగా భవనాలకు శిలాఫలకాలు వేసుకుంటున్నాము, సంతోషమే. వాటిలో ఒక్క గది, వారానికి ఒక్క సాయంకాలం, ఓపికగల ఒక్క ఉపాధ్యాయుడు మన యువత కోసం కేటాయించగలిగితే, రాబోయే నూరేండ్ల చరిత్రను వారే తమ కంటితో చూచి వ్రాసుకోగలరు.