వాసన – జ్ఞాపకము: బొంబాయి పండ్ల ఈగల చరిత్ర

భీవండీలో వరాలా తలావ్ చెంత పండ్ల బండ్లపై ముసరు చిన్న యీగను పరిశోధనకు తగిన జీవిగా నెంచువారు అరుదు. అయినను వాసన మెదడులో ఎచ్చట తెలియును, ఎచ్చట జ్ఞాపకమై నిలుచును అను ప్రశ్నకు స్పష్టమైన సమాధానములు పెక్కు ఈ యీగ వలననే లభించినవి. అందు కొంత కృషి భీవండీకి చేరువనున్న బొంబాయిలో జరిగినది.

1850లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దుజార్డిన్ తేనెటీగ వంటి కీటకముల మెదడులో పుట్టగొడుగును పోలిన జంట భాగములను వర్ణించి, అవి తెలివికి స్థానములని ఊహించెను. ఆ యూహ పరీక్షకు నిలుచుటకు నూరేండ్లకు పైగా పట్టినది. 1974లో అమెరికాలో క్విన్, హారిస్, బెంజర్ అనువారు ఒక వాసనతోపాటు విద్యుదాఘాతము కలిగింపగా, పండ్ల ఈగలు ఆ వాసననుండి తొలగిపోవుట నేర్చినవి.

బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1962లో అణుజీవశాస్త్ర శాఖను నెలకొల్పిన ఒబైద్ సిద్దిఖీ మరియొక త్రోవ త్రొక్కెను. ఆయనయు, నైరోబీలో జన్మించిన ఆయన శిష్యురాలు వెరోనికా రోడ్రిగ్స్‌యు పుట్టుకతోనే ఘ్రాణశక్తి లోపించిన యీగలను ఏరి, వాని వంశలక్షణములను శోధించిరి. నేర్చుటకు ముందు వాసన చూచుటయే తెలియవలెనను వారి క్రమము మిక్కిలి యుక్తమైనది. మీసములనుండి వచ్చు నాడులు చేరు ఘ్రాణకేంద్రములో వేర్వేరు వాసనలకు వేర్వేరు తావులు మేల్కొనునని రోడ్రిగ్స్ 1988లో చూపెను.

1994లో జర్మనీలో డి బెల్, హైజెన్‌బర్గ్ అనువారు అప్పుడే పొదిగిన పిల్లపురుగులకు ఒక మందు తినిపించి, పుట్టగొడుగు భాగములు పెరుగకుండ జేసిరి. ఆ యీగలు వాసనను పసిగట్టగలిగినవి. ఆఘాతముతో జోడించి నేర్చుకొనలేకపోయినవి. ఘ్రాణము వేరు, స్మరణము వేరు అని తేలినది. దుజార్డిన్ ఊహ వాసనపట్లనైనను వమ్ము కాలేదు.

అయినను జ్ఞాపకమంతయు అచ్చటనే యున్నదనరాదు. రోడ్రిగ్స్ 2010లో కన్నుమూసినది. ఆమెయు, మణి రామస్వామియు, సహచరులును చేసిన కృషి 2011లో వెలువడినది. ఒకే వాసనలో కొన్నిదినములున్న యీగ దానిని లెక్కచేయదు. సైజింగు ఖార్ఖానాలో పనిచేయువానికి గంజి వాసన తోచనట్లే. ఈ యలవాటునకు స్థానము పుట్టగొడుగు భాగము కాదు. అంతకు ముందటి ఘ్రాణకేంద్రములోనే, పొరుగు నాడుల నణచు చిన్న నాడుల బలము పెరుగుటయే దానికి కారణమని వారు నిరూపించిరి.