గరిటె మోగిన రోజు

మేం ఇల్లు కొనుక్కున్నప్పుడు బ్యాంకులో నాచేత లెక్కలేనన్ని సంతకాలు పెట్టించారు. పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా పెట్టుకుంటూ పోయాను. ఒక్క కాగితమైనా చదివితే ఒట్టు! "ఇందులో ఏముందండీ?" అని మా వారిని అడిగితే, "ఏదో మామూలు తతంగమేలే, నీకు అర్థం కాదు" అన్నారు. నాకు కోపం రాలేదు సరికదా, హమ్మయ్య అనిపించింది. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని, వడ్డీ లెక్కలు నాకెందుకు? ఆయన చూసుకుంటారు. ఆయన చూడకపోతే బ్యాంకువాళ్ళే చూసుకుంటారు.

ఇలాగే "వాళ్ళు చూసుకుంటారులే" అనుకున్న ఒక దేశం కథ ఈమధ్య చదివాను. అందులో గిన్నెలూ గరిటెలూ కూడా ఉన్నాయి కనక మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఆ దేశం ఐస్‌లాండ్. యూరప్ పటంలో పైన ఓ వారగా, సముద్రం మధ్యలో ఉంటుంది. 2008లో అక్కడి జనాభా సుమారు 3 లక్షల 20 వేలు. మన లెక్కన ఓ మోస్తరు పట్టణం అన్నమాట. మంచు, అగ్నిపర్వతాలు, వేడినీటి బుగ్గలు. పంటలు అంతంతమాత్రం. ఆ దేశానికి అన్నం పెట్టింది చేపలు. వాటి కోసం బ్రిటన్ అంతటి దేశంతో మూడుసార్లు తగువుపడి, 1976 నాటికి తీరం నుంచి 200 మైళ్ళ దాకా చేపలు మావేనని ఒప్పించుకున్నారు. అంత పట్టుదల గల మనుషులు!

ఆ రోజుల్లో అక్కడి బ్యాంకులు పడవకో ఇంటికో అప్పిచ్చేవి. పెద్దవన్నీ దాదాపు ప్రభుత్వానివే. తర్వాత చేపలకే కోటాలు వచ్చాయి. 1990 చట్టంతో ఆ కోటాలను అమ్ముకోవడం, కొనుక్కోవడం సులువైంది. చేప ఇంకా నీళ్ళలో ఈదుతూనే ఉంటుంది, దాన్ని పట్టే హక్కు మాత్రం ఒడ్డున చేతులు మారుతుంటుంది. కోటా ఉన్న పడవకి బ్యాంకులో పరపతీ పెరిగింది. వల వెయ్యకుండా వచ్చే డబ్బు రుచి అలా మొదలైంది.

2003 నాటికి ప్రభుత్వం తన బ్యాంకులను అమ్మేసింది. కౌప్‌థింగ్, ల్యాండ్స్‌బాంకి, గ్లిట్నిర్ అని మూడు పెద్ద బ్యాంకులు తయారయ్యాయి. బయటి దేశాల్లో చౌకగా అప్పు తేవడం, దాంతో అప్పులివ్వడం. ఆ అప్పులతో అక్కడి షావుకార్లు ఇంగ్లండులోనూ డెన్మార్కులోనూ దుకాణాలూ కంపెనీలూ కొనేశారు. 2008కి ఈ మూడు బ్యాంకుల వ్యాపారం దేశం మొత్తం ఏడాది సంపాదనకి దాదాపు పది రెట్లయింది. మన భాషలో చెప్పుకుందాం. ఏడాదికి లక్ష రూపాయలొచ్చే ఇల్లు. ఆ ఇంటి అరుగు మీద కూర్చున్న వ్యాపారి పది లక్షల బేరం నడుపుతున్నాడు. అదీ చాలావరకు అప్పు తెచ్చి. బేరం చెడితే ఇల్లమ్మినా తీరదు. పైగా ఆ అప్పులు పౌండ్లలో, యూరోల్లో. దేశం కేంద్ర బ్యాంకు అచ్చువెయ్యగలిగింది తమ క్రోనాలను మాత్రమే.

మరి ఇంట్లోవాళ్ళు ఏం చేస్తున్నారు? అరుగు మీద వ్యాపారిని చూసి మురిసిపోతున్నారు! ఇంజనీరింగు చదివిన పిల్లలు బ్యాంకుల్లో చేరారు. దేశాన్నే అంతర్జాతీయ డబ్బు వ్యాపార కేంద్రంగా చెయ్యాలని ప్రభుత్వం కమిటీ వేసింది. 2006లో డెన్మార్కు బ్యాంకొకటి, ఇది ప్రమాదంలో పడేలా ఉందని హెచ్చరిస్తే, "వీళ్ళకి ఓర్వలేనితనం" అన్నారు. 1944 దాకా డెన్మార్కు రాజు కిందే ఉన్న దేశం కదా, ఆ మాట సులువుగా నోటికొచ్చింది. స్వదేశంలో వడ్డీ ఎక్కువని మామూలు సంసారులు కూడా జపాన్ యెన్‌లతో, స్విస్ ఫ్రాంకులతో ముడిపెట్టిన అప్పులు తీసుకుని కార్లు కొన్నారు. అందరికీ ఏదో ఒక ముక్క అందుతోంది. నోట్లో ముక్క ఉన్నవాళ్ళు మాట్లాడతారా?

డబ్బు వ్యాపారానికి అసలు బలం ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. సైన్యంతో వచ్చినవాణ్ణి అందరూ గుర్తుపడతారు. "ఇది మీకు అర్థం కాదు" అంటూ వచ్చినవాడికి మనమే లేచి పీట వేస్తాం.

2008 అక్టోబరు 6న ప్రధానమంత్రి గెయిర్ హార్డె టీవీలో మాట్లాడి, చివర దేవుడు ఐస్‌లాండ్‌ను కాపాడాలన్నాడు. ఆర్థికశాస్త్రం చదివినవాడు, ఏళ్ళ తరబడి ఆర్థికమంత్రిగా చేసినవాడు దేవుడి మీద భారం వేశాడంటే సంగతి అర్థమైపోయింది. అదే వారంలో మూడు బ్యాంకులూ కూలాయి. క్రోనా విలువ సగానికి పడింది. కారు అదే, జీతం అదే, యెన్‌లలో తీసుకున్న అప్పు మాత్రం రెట్టింపు! బ్రిటన్ అయితే ల్యాండ్స్‌బాంకి ఆస్తుల్ని స్తంభింపజెయ్యడానికి టెర్రరిస్టుల కోసం చేసిన చట్టాన్ని వాడింది. చేపలు పట్టుకు బతికిన దేశానికి ఎంత అవమానమో చూడండి.

ఆ శీతాకాలమంతా జనం శనివారం శనివారం పార్లమెంటు ముందు చేరారు. 2009 జనవరి 20న సెలవుల తర్వాత పార్లమెంటు మొదలయ్యేసరికి, వంటింట్లోంచి గిన్నెలూ మూకుళ్ళూ పట్టుకొచ్చి గరిటెలతో మోగించడం మొదలుపెట్టారు. లోపల ఎవరి మాటా ఎవరికీ వినబడనంతగా. వారం తిరక్కుండా, 26న ప్రభుత్వం పడిపోయింది. ఫిబ్రవరి 1న, ఒకప్పుడు విమానంలో ప్రయాణికులకు కాఫీలందించిన యోహన్నా సిగుర్దర్‌దోత్తిర్ ఆ దేశపు మొదటి మహిళా ప్రధానమంత్రి అయింది. దీన్ని వాళ్ళు వంటింటి సామాన్ల విప్లవం అంటారు. అక్కడి ఆడవాళ్ళకిది కొత్తా కాదు. 1975 అక్టోబరు 24న నూటికి తొంభైమంది ఇంటా బయటా పని మానేసి, తాము లేకపోతే దేశం ఎలా ఆగిపోతుందో చూపించారు.

ఆ తర్వాత లెక్కలు తేలాయి. విచారణ సంఘం 2010 ఏప్రిల్‌లో రెండువేల పేజీలు దాటిన నివేదిక ఇచ్చింది. బ్యాంకులు తమ సొంత యజమానులకే విపరీతంగా అప్పులిచ్చుకున్నాయని అందులో రాశారు. ఆ నివేదికను రాజధానిలోని నాటకశాలలో నటులు వంతులవారీగా రాత్రింబవళ్ళు పైకి చదివారు! అర్థం కాదన్న సంగతిని అందరూ వినేలా చదవడం ఎంత మంచి ఆలోచన! కొందరు బ్యాంకు పెద్దలు జైలుకెళ్ళారు. ప్రత్యేక న్యాయస్థానం 2012లో హార్డె తప్పొకటి తేల్చింది. అదేమిటనుకున్నారు? ముంచుకొస్తున్న ప్రమాదాన్ని మంత్రివర్గం ముందు చర్చకు పెట్టలేదట. శిక్ష మాత్రం వెయ్యలేదు.

దేశం కోలుకుంది కాని ఊరికే కోలుకోలేదు. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. డబ్బు దేశం దాటకుండా పెట్టిన ఆంక్షలు 2017 దాకా సాగాయి.

2007లోనే ఇద్దరు స్త్రీలు అక్కడ ఒక చిన్న ఆర్థిక సంస్థ పెట్టారు. తమకు అర్థం కాని దాంట్లో డబ్బు పెట్టకూడదని వాళ్ళ నియమం. అంత తుపానులోనూ అది నిలబడింది. వాళ్ళలో ఒకరైన హల్లా తోమస్‌దోత్తిర్ 2024లో ఆ దేశానికి అధ్యక్షురాలయింది. ఆడవాళ్ళయితే అప్పులు చెయ్యరని నేననడం లేదు. చీరలు కొనేటప్పుడు మా వదినగారిని చూస్తే మీరూ ఆ మాట అనరు. అర్థం కానప్పుడు అర్థం కాలేదని చెప్పడం ఎవరికైనా మంచిదే అంటున్నాను.

ఇదంతా చదివాక మొన్న ఆదివారం బీరువాలోంచి ఇంటి అప్పు ఫైలు తీశాను. మొదటి పేజీలోనే, వడ్డీ ఎప్పటికప్పుడు మారుతుంటుందని ఉంది. "పెరిగితే నెలనెలా కట్టేది పెరుగుతుందా, కట్టాల్సిన ఏళ్ళు పెరుగుతాయా?" అని మా వారిని అడిగాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు అటూ ఇటూ తిప్పారు. కాసేపటికి మెల్లిగా అన్నారు:

"ఏమోనే, ఇవేవీ నేనూ చదవలేదు."