త్రాగువాడు, త్రాగించువాడు: మూడు తాలూకాల మద్యనిషేధ చరిత్ర

తెనాలి, బాపట్ల, రేపల్లె చాలాకాలము గుంటూరు జిల్లాలోని తాలూకాలు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడగా రేపల్లె అందులో చేరినది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయినది. జిల్లాలు వేరైనను మద్యము విషయములో వీటి చరిత్ర ఒక్కటే. ఆ చరిత్ర మన సంఘములను ఒక ప్రశ్న అడుగుచున్నది: దోషము త్రాగువానిది మాత్రమేనా?

మన సంఘములు మొదటినుండి వ్యక్తినే చూచినవి. సాల్వేషన్ ఆర్మీ తన సైనికులయొద్ద మద్యము ముట్టమని ప్రమాణము తీసికొనును. 1910వ దశకములో బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురములో ఎరుకలవారి సెటిల్‌మెంటును ఆ సంస్థయే నడిపినది. అయితే నేరస్థ జాతుల చట్టము నీడలో అచ్చట నీతిబోధయు నిర్బంధమును కలిసి నడచినవని మనము మరువరాదు.

ప్రభుత్వ విధానము వేరొక దారిలో సాగినది. 1921లో సహాయ నిరాకరణ కార్యక్రమములో కల్లు దుకాణముల బహిష్కరణ చేరినది. రాజాజీ ప్రభుత్వము 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధము ఆరంభించినది. 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటికి, అనగా మన గుంటూరు జిల్లాకును వ్యాపించినది. 1954 నవంబరులో ఈ వివాదము మీదనే టంగుటూరి ప్రకాశం మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. కల్లుగీతపై బ్రదుకు కుటుంబముల జీవనోపాధియు ఆ వివాదములో ఇమిడియుండెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యత తరగతులలో కలిసికొని సారాపై తిరుగబడిరి. మేము అప్పుడు వేదాంత విద్యార్థులము. ఫలితముగా 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. ఎన్.టి. రామారావు ప్రభుత్వము 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము తెచ్చినది. ఆదాయనష్టము, దొంగసారా, పొరుగు రాష్ట్రములనుండి అక్రమ రవాణా కారణములుగా చూపబడి, 1997లో అది సడలింపబడెను. 2019లో దుకాణములను ప్రభుత్వమే తీసికొనెను, 2024లో అవి మరల ప్రైవేటువారి చేతికి వచ్చినవి.

ఈ రాకపోకలనుండి నేర్చుకొనవలసినదేమి? ఖజానా మద్యముపై ఆధారపడియున్నంత కాలము నిషేధము నిలువదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించిన మార్గములు ఇట్టివి: లభ్యతను పరిమితము చేయుట, త్రాగి వాహనము నడుపుటను అరికట్టుట, చికిత్సను అందుబాటులోనికి తెచ్చుట, ప్రకటనలను ఆపుట, పన్నులద్వారా ధర పెంచుట. వీటిలో త్రాగువానికి సాయమున్నది, అమ్మకమునకు కట్టడియు ఉన్నది.

సామెతలు 23వ అధ్యాయము త్రాగుబోతు దురవస్థను వర్ణించును. మన ప్రసంగములు అక్కడనే ఆగిపోవుచున్నవి. హబక్కూకు 2:15 పొరుగువానికి త్రాగించువానికి శ్రమ ప్రకటించుచున్నది. త్రాగినవానిని సంఘక్రమశిక్షణ పేరిట బల్లకు దూరము చేసితిమి. దుకాణపు లైసెన్సు గూర్చి మేమెన్నడును నోరు విప్పలేదు. భర్త త్రాగుడువలన పస్తులున్న విశ్వాసురాలికి ఓదార్పు చెప్పితిమి గాని, ఆమెతో కూడ గ్రామసభకు వెళ్లలేదు. దూబగుంట స్త్రీలు చూపిన దారి అదే. రాబోవు కాపరులైనను ఆ దారిన నడతురుగాక.